గురువారం కొన్న గాలి

మొన్న వైశాలి మెట్రో స్టేషను మెట్లు దిగి ఆటో కోసం నిలబడి ఉంటే, పక్కనున్న మిఠాయి దుకాణంవాడు భట్టీ కింద బ్లోయర్ స్విచ్ వేశాడు. గుర్రుమని మొదలై సన్నగా సాగే ఆ చప్పుడు, దాంతోపాటే రాజుకున్న బొగ్గుల వాసన, పైన బాణలిలో కాగుతున్న జిలేబీ పాకం వాసన, వీటన్నిటికీ అడుగున ఎక్కడో వేడెక్కిన మోటారు తీగల మీది వార్నిష్ వాసన, అన్నీ కలిసి ముఖానికి తగిలేసరికి ఆటో సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. దుకాణంవాడు ఎంత కావాలని అడిగితే ఏం చెప్పాలో తోచక పావుకిలో తీసుకున్నాను. నాకు జిలేబీ పడదు. అది ప్రాణమైన మా నాన్నకి షుగరు. ఎవరికి పెట్టాలో తెలియని పొట్లం ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంటే నాకు మా చిన్నప్పటి చర్చి గుర్తొచ్చింది. జిలేబీ వాసనకి చర్చి గుర్తొచ్చే మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మేం అప్పట్లో ఘాజియాబాద్‌లో ఉండేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మెట్రో ఇంకా మా వైపు రాలేదు, ఇప్పుడు అపార్టుమెంట్లున్న చోట ఆవచేలు ఉండేవి, శీతాకాలంలో బస్సు కిటికీలోంచి చూస్తే పసుపు రంగు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. అమ్మ ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు. నాన్న సాహిబాబాద్‌లో ఒక ఫ్యాన్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అమ్మవి షిఫ్టు డ్యూటీలు కాబట్టి నన్ను చూసుకోవడానికి అమ్మమ్మ తెనాలి దగ్గరి పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేసింది. మిషన్ బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, ఊళ్ళో చర్చిలో పెళ్ళికాని రోజుల నుంచీ హార్మోనియం వాయించిన మనిషి. ఢిల్లీ చలిని, ఇక్కడి పొడుగు బియ్యాన్ని, ఇక్కడి చింతపండుని వరసపెట్టి తిట్టేది గాని, తిరిగి వెళ్ళిపోతానని ఒక్కనాడూ అనలేదు.

అమ్మమ్మకి అల్లుడంటే అల్లుడే. మాది రెండు గదుల ఇల్లు. అందులోనే ఆవిడ నాన్న ఎదురుగా కుర్చీలో కూర్చునేది కాదు, నాన్న గదిలోకి వస్తే లేచి నిలబడేది, ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. మాటలన్నీ నా మీదుగా నడిచేవి. నాన్న చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నా సరే, “మీ నాన్నగారిని భోజనానికి రమ్మనవే” అనేది నాతో. నాన్న కూడా తక్కువవాడేం కాదు, “వస్తున్నానని చెప్పమ్మా అమ్మమ్మగారికి” అనేవాడు పేపరులోంచి తల ఎత్తకుండా. నేను చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ అలాగే ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు, పప్పు చల్లారిపోయేది. ఆడుకుంటున్న దాన్ని మధ్యలో లేచివచ్చి మరీ ఈ కబుర్లు మోయాల్సి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండేది.

ఆవిడకి ఉన్న ఇంకో పట్టుదల ఆదివారం. ఆదివారం ఏదీ కొనకూడదు, ఏదీ అమ్మకూడదు. పాల ప్యాకెట్లు శనివారమే రావాలి, కొత్తిమీర కట్టతో సహా. ఆదివారం మధ్యాహ్నం గేటు ముందు కుల్ఫీ బండివాడు గంట కొట్టుకుంటూ పోతుంటే నా ప్రాణం వాడి వెనకే పోయేది, కాని అమ్మమ్మ ముందు ఆ మాట ఎత్తే ధైర్యం అమ్మకే లేదు, ఇక నాకెక్కడిది.

చిక్కంతా ఏమిటంటే, మా నాన్న బతుకంతా ఆదివారంలోనే ఉండేది.

ఆయనకి పాత పనిముట్ల పిచ్చి. కొత్తది కొనడం చేతకాక కాదు. పాతదాన్ని చవగ్గా తెచ్చి, తుప్పు గీకి, నూనె పట్టించి, అది మళ్ళీ తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం ఆయనకి పండగ. సాహిబాబాద్‌లో ఏ చిన్న కార్ఖానా మూతపడుతోందని తెలిసినా డ్యూటీ దిగి నేరుగా అక్కడికి పోయేవాడు, సైకిలు పార్టులతో పాటు తూకానికి అమ్మే ఆకురాళ్ళు, పానాలు, డ్రిల్లు బిట్లు గోనెసంచిలో వేసుకుని వచ్చేవాడు. అన్నిటికన్నా పెద్ద పండగ మాత్రం రైలు పట్టాల పక్కన రోడ్డు పొడుగునా ఆదివారం తెల్లవారుతూనే పరిచే బజారు. ఎండాకాలంలో కూలరు మోటార్లు, వానాకాలంలో నీళ్ళ పంపులు, చలికాలంలో గీజరు కాయిళ్ళు, ఏడాది పొడవునా కుట్టుమిషన్ల మోటార్లు, మిక్సీ మోటార్లు, ఏ మిషను కడుపులోంచి ఊడబెరికారో ఎవరికీ తెలియని రకరకాల మోటార్లు నేల మీది ప్లాస్టిక్ పట్టాలపై వరసలుగా ఉండేవి. ఇంట్లో మంచాల కింద బట్టల పెట్టెలకి చోటు లేదు, అన్నీ మోటార్లే. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, ముక్కుకి చున్నీ కట్టుకుని, ఆసుపత్రిలో నేర్చిన పద్ధతి ప్రకారం వాటిని ముందు కిరోసిన్‌తో, తర్వాత సబ్బునీళ్ళతో, ఆఖర్న స్పిరిట్‌తో తుడిచేది. స్పానర్లని అలా పద్ధతిగా కడిగి తెల్లగుడ్డ మీద ఆరబెట్టిన ఇల్లు మా వీధిలో ఇంకోటి ఉండేది కాదు. పాత బేరింగులు పగలగొడితే వచ్చే ఉక్కు గోళీలు నావి. వాటి ముందు మా వీధి పిల్లల గాజు గోళీలు ఆగేవి కావు, అందుకని ఎవరూ నన్ను ఆటలోకి రానిచ్చేవాళ్ళు కాదు.

బజారుకి నాన్న నన్ను తీసుకెళ్ళేది ముద్దుతో కాదు, అవసరంతో. ఆయన హిందీ ఘోరం. నోరు తెరిచి “కిత్నా హై జీ” అన్నాడో, అవతలివాడు తల ఎత్తి చూసి, మద్రాసీ బాబు దొరికాడని ధర పెంచేవాడు. నేను పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి నా హిందీకి ఎవరూ వంక పెట్టలేరు. అందుకని మా మధ్య ఒక ఏర్పాటు. నాన్న మాట్లాడకూడదు. మోటారు చేతికి తీసుకుంటాడు, ఇరుసుని వేళ్ళతో తిప్పి చూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు, ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని దీర్ఘంగా వాసన చూస్తాడు. వైండింగు కాలిపోయి ఉంటే ఆ మాడు వాసన ఏ రంగు వేసినా దాగదట. బాగుంటే చెవి తమ్మె పట్టుకుంటాడు, బాగోకపోతే ముక్కు గోక్కుంటాడు. మిగతా నోటి పనంతా నాది. “సహీ లగా లో భయ్యా”, సరైన ధర చెప్పన్నా, అని నేను మొదలుపెడితే, “బోహనీ కా టైమ్ హై బిటియా” అని వాళ్ళు. వాళ్ళ బోహనీ మన బోణీయే. పొద్దున్నే మొదటి బేరం పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే మేం చీకటి విడకముందే వెళ్ళేవాళ్ళం. మంచులో పెట్రోమాక్సు దీపాలు, మంటల చుట్టూ చేతులు కాచుకునే మనుషులు, ఇసకలో వేగే వేరుశెనగల వాసన, నా మంకీ క్యాప్ లోపల నా ఊపిరి వెచ్చదనం, నోరు మూసుకుని నా వెనక నిలబడ్డ నాన్న. ఆయన అంత వినయంగా ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

పది గంటలకి చర్చి. అప్పటికి ఇంటికొచ్చి, స్నానాలు చేసి, ఏమీ ఎరగనట్టు తయారయ్యేవాళ్ళం. అమ్మమ్మకి తెలియదని కాదు. ఆదివారం పొద్దున్నే సంచి బరువుగా ఎందుకు తిరిగొస్తుందో పంతులమ్మకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కాని అల్లుణ్ణి తప్పుపట్టడం అత్తగారి పని కాదు. ఆవిడ సంచి వంక చూడకుండా అటు తిరిగి గోడ మీది క్యాలెండరు చదువుకునేది.

మా చర్చంటే ఒక చిన్న బడి మేడమీది హాలు, ఆదివారాలు మాకిచ్చేవారు. కోస్తా నుంచి వచ్చిన నర్సులు, వాళ్ళ కుటుంబాలు, కొత్తగా నోయిడాలో ఉద్యోగాలకి వచ్చిన కుర్రాళ్ళు కొందరు. అక్కడ ఒక కాళ్ళ హార్మోనియం ఉండేది. అది కూడా నాన్న తెచ్చిందే. ఎక్కడో ఒక పాత స్కూలు సామాను అమ్మేస్తుంటే, విరిగిన బెంచీల కింద పడున్నదాన్ని శనివారం నాడు తెచ్చి, చిరిగిన తిత్తులకి తోలు అతికి, చెదలు తిన్న పలకలు మార్చి, ఊపిరి పోశాడు. అది వచ్చిన రోజు అమ్మమ్మ దాని ముందు కూర్చుని, రెండు పెడళ్ళ మీదా పాదాలు పెట్టి, ఏ పాటా కాని నాలుగు మెట్లు నొక్కి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆదివారం ఆ గంటన్నరసేపు ఆవిడ తెనాలి దగ్గర ఉన్నట్టే ఉండేది. మిగతా ఆరు రోజులూ ఘాజియాబాద్‌ని ఆ బలంతోనే భరించేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

నేను ఐదో క్లాసులో ఉండగా దీపావళి వెళ్ళిన కొత్తల్లో అమ్మమ్మ మెట్ల మీద జారి పడింది. ఎముక విరగలేదు గాని మోకాలు వాచిపోయింది. నడవగలదు, పెడల్ తొక్కలేదు. రెండు వారాలు హార్మోనియం మీద దుప్పటి కప్పి ఉంచారు. మూడో వారం, గాలి నేను పెడతానని ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. ఉత్సాహవంతుడు, జిమ్‌లో తొక్కినట్టు తొక్కాడు. హార్మోనియం అరిచిన అరుపుకి కింద బడి కాపలావాడు పైకొచ్చాడు. అమ్మమ్మ చేతులు తీసేసి, “వద్దులే నాయనా” అంది. ఇంటికొచ్చాక నాతో అంది, “వేళ్ళు ఎటు పోతున్నాయో చూసి గాలి పెట్టాలే. అది నా కాళ్ళకి తప్ప ఎవరికి తెలుస్తుంది?”

సంఘం పెద్దలు క్రిస్మస్‌కి ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు అద్దెకి తెస్తామన్నారు. మర్యాదగానే అన్నారు. అమ్మమ్మ కూడా మర్యాదగానే తల ఊపింది. ఆ తర్వాత ఆవిడ పాడటం మానేసింది. వంటింట్లో, బట్టలు మడతపెడుతూ, నాకు జడ వేస్తూ ఎప్పుడూ సన్నగా కూనిరాగం తీసే మనిషి. ఆ రాగం ఆగిపోతే ఇల్లంతా బావురుమన్నట్టు అనిపించేది. అరిసెలకి బియ్యం నానబోయమని అమ్మ గుర్తుచేస్తే, ఇక్కడి బెల్లం పాకానికి రాదు, ఈ ఏడు వద్దులే అంది. మా ఘాజియాబాద్ చుట్టుపక్కలంతా చెరకు తోటలే. బెల్లానికి ఏ లోటూ లేదు. అమ్మ ఆ రాత్రి నాన్నతో అంది, “అమ్మ ఇలాగే ఉంటే ఊరికి పోతానంటుందండీ.”  మర్నాడు నాన్న హాలుకి వెళ్ళి హార్మోనియం వెనక పలక విప్పి, దాని తిత్తి ముందు బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఆయన కనిపెట్టింది ఇది: పెడల్ చేసే పనల్లా తిత్తిలోకి గాలి పంపడమే. ఆ గాలి మోటారు పంపితే? మిఠాయి భట్టీలకి గాలి కొట్టే చిన్న బ్లోయర్ ఉంటే చాలు, ఫ్యాన్ రెగ్యులేటరు పెట్టి దాని జోరు తగ్గించుకోవచ్చు. కాని డిసెంబరు ఉత్తరాదిన వేడి మిఠాయిల నెల. వంటవాళ్ళు, మిఠాయివాళ్ళు ఉన్న బ్లోయర్లన్నీ ఎగరేసుకుపోయేవాళ్ళు. మూడు ఆదివారాలు చూస్తే ఆఖరికి ఆ బజారులో పాత మోటార్లు అమ్మే రఫీక్ చాచా పట్టా మీద కనిపించింది, నత్తగుల్ల ఆకారంలో, నల్లగా మసి పట్టి. నాన్న దాన్ని తిప్పాడు, ఊపాడు, వాసన చూశాడు. చూసి ఒక్క చెవి కాదు, రెండు చెవులూ పట్టుకున్నాడు. ఆ అవతారం చూసి చాచాకి నవ్వాగలేదు.

ఇంటికి తెచ్చాక అమ్మ దాన్ని విప్పి తుడిచింది. ఎంత స్పిరిట్ పోసినా ఆ లోపలి నెయ్యి, పాకం వాసన పోలేదు. వారం మధ్యలో నాన్న దానికి కూలరు పైపు తగిలించి, రెగ్యులేటరు కలిపి, హార్మోనియంలోంచి విప్పి తెచ్చిన ఒక చిన్న రీడ్ల పలక మీదికి గాలి వదిలాడు. స్వరం పలికింది. ఎక్కడా వణకకుండా, సన్నగా, ఎంతసేపు కావాలంటే అంతసేపు. అమ్మమ్మ తలుపు పక్కన నిలబడి వింటోంది. ఆవిడ ముఖం మెల్లగా విచ్చుకోవడం నేను చూశాను. తర్వాత నా వైపు తిరిగి అడిగింది. “మీ నాన్నగారు దీన్ని ఏ రోజు కొన్నారే?”

“సండే కో” అన్నాను. అమ్మ నుదురు కొట్టుకుంది.

అమ్మమ్మ గొంతు పెంచలేదు. “ఆయన సామాను ఆయనిష్టం, నేనెప్పుడూ ఏమీ అనలేదు. ఇది నా కోసం తెచ్చారు, దేవుడి పాటకి తెచ్చారు. దీన్ని తిరిగి ఇచ్చేసి రమ్మను. వారం మధ్యలో కొనమను. ఇచ్చేశామంటే నిజంగా ఇచ్చేయాలి, నాటకం ఆడకూడదు.”

నేను ఆ ముక్క నాన్నకి చెప్పే అవసరం లేకపోయింది, అక్కడే ఉన్నాడు కదా. ఆయన ముఖం కందగడ్డలా అయ్యింది. పైపు ఊడదీసి, లేచి, బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని గొణుక్కున్నాడు. ఏం గొణిగాడో నీళ్ళ చప్పుడులో వినపడలేదు, వినపడకపోవడమే మంచిదయ్యింది. కానుక మంచిదైతే కొన్న రోజు ఎవరడుగుతారు అనుకున్నాడు పాపం. క్రిస్మస్ వారం కూడా లేదు. నిజంగా తిరిగి ఇచ్చేస్తే, ఆ చలికాలపు గిరాకీలో అది సాయంత్రానికే ఎవరి భట్టీ కిందికో చేరుతుంది. అమ్మ బతిమాలింది, అమ్మమ్మ క్యాలెండరు వైపు తిరిగింది.

బుధవారం నాన్న సగం పూట సెలవు పెట్టి, బడి నుంచి నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని రఫీక్ చాచా కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాడు. రైలు పట్టాల అవతల సందులో, మోటార్లు గుట్టలు పోసిన చిన్న గది. సంగతి నేను చెప్పాను. పనిచేయడం లేదా అని అడిగాడు చాచా. చక్కగా పనిచేస్తోంది, మా నానీ ఆదివారం కొన్నది ముట్టుకోదు అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుని, “నానీ జీ ఠీక్ కహతీ హైఁ” అన్నాడు, అమ్మమ్మగారి మాట సరైనదేనట. శుక్రవారం నమాజు వేళ ఎంత పెద్ద బేరం వచ్చినా తన కొట్టు షట్టరు దించే ఉంటుందన్నాడు. డబ్బు తిరిగిచ్చి, బ్లోయర్ తీసుకుని, వీధివైపు అరుగు మీద మిగతా వాటి పక్కన పెట్టాడు. అందరికీ కనపడేలా.

కొంచెం లోపల పెట్టొచ్చు కదా అని అడిగాను. చాచా తల అడ్డంగా ఊపాడు. దాచిపెడితే తిరిగి ఇచ్చినట్టు ఎలా అవుతుంది బిటియా, ఇప్పుడిది నాది, రేపు పొద్దున ఉంటే తీసుకెళ్ళండి అన్నాడు. నాన్నకి హిందీ అర్థమవుతుంది, మాట్లాడటమే రాదు. అరుగు మీదున్న దాన్ని ఒకసారి చూసి స్కూటరు స్టార్ట్ చేశాడు.  దారిలో ఎదురైన ప్రతి మిఠాయి దుకాణమూ నాకు శత్రువులానే కనపడింది.

గురువారం నేను బడి నుంచి వచ్చేసరికి బ్లోయర్ మా భోజనాల బల్ల మీద ఉంది. నాన్న ఫ్యాక్టరీకి పోతూ తెల్లారగానే వెళ్ళాడట. అరుగు మీద దాని పక్కనున్నవన్నీ అమ్ముడుపోయాయి, ఇదొక్కటే ఉంది. ఎందుకు మిగిలిందో నాన్న అడగలేదు, చాచా చెప్పలేదు. జీవితంలో మొదటిసారి మా నాన్న తన సొంత హిందీలో మాట్లాడి, బేరం ఆడకుండా కొన్నాడు. అమ్మమ్మ దాన్ని చేత్తో తడిమి చూసి, “బియ్యం నానబోయవే” అంది అమ్మతో.

శనివారం హాలులో బిగించారు. చప్పుడు వినపడకుండా మోటారుని పాత రజాయిలో చుట్టి బాల్కనీలో పెట్టి, పైపుని కిటికీలోంచి లోపలికి తెచ్చారు. అమ్మమ్మ వాచిన కాలు చాపుకుని, కిందికి చూడకుండా, మెట్ల మీద వేళ్ళు ఆడించింది. హాలంతా పాట నిండింది, పాటతో పాటు జిలేబీ వాసన కూడా. వెచ్చగా, తియ్యగా, ప్రతి స్వరంతోనూ కొంచెం కొంచెంగా. కుర్చీలు వేస్తున్న ఆంటీలు ఎవరు తెచ్చారా అని పొట్లాల కోసం వెతుక్కున్నారు. ఇంటికొచ్చాక అమ్మమ్మ, “గాలి బాగుందని చెప్పవే మీ నాన్నగారికి” అంది. నాన్న వెంటనే బయటికి పోయి, స్కూటరుని అవసరం లేకపోయినా తుడుస్తూ కూర్చున్నాడు.

క్రిస్మస్ పొద్దున ఎదుటి మేడ కనపడనంత పొగమంచు. పట్టుచీరల మీద స్వెట్టర్లు, గుమ్మం దగ్గర గుట్టలుగా బూట్లు, మల్లెపూలు దొరక్క జడల్లో బంతిపూలు, ఇళ్ళ నుంచి తెచ్చిన స్టీలు డబ్బాల్లో అరిసెలు, కజ్జికాయలు, చక్కిలాలు. హాలు కిటకిటలాడుతోంది. నాన్న అలవాటు ప్రకారం ఆఖరి బెంచీలో కూర్చున్నాడు, ప్రసంగంలో కునుకు తీయడానికి వీలుగా. మొదటి పాట అద్భుతంగా జరిగింది. రెండో పాట రెండో చరణంలో కరెంటు పోయింది. మంచు పట్టిన రోజుల్లో మా వైపు లైన్లు ట్రిప్ కావడం మామూలే. అది అందరికీ తెలుసు, ఫ్యాన్ల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఒక్కడికీ ఆ వారమంతా తట్టలేదు.

బాల్కనీలో బ్లోయర్ మెల్లగా మూలిగి ఆగింది. హార్మోనియం స్వరం కిందికి కిందికి జారి సన్నగిల్లిపోయింది. జనం కాసేపు పాడి, శ్రుతి దొరక్క, ఒక్కొక్కరే ఆగిపోయారు. అమ్మమ్మ చేతులు మెట్ల మీదే ఉన్నాయి. వాచిన కాలు పెడల్ మీద పెట్టి నొక్కింది; ముఖం తెల్లబోయింది; మళ్ళీ నొక్కబోయింది. కీబోర్డు తెద్దామన్న పెద్దమనిషి ముందు వరసలో గొంతు సవరించుకున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడు నాన్న ఆఖరి బెంచీలోంచి లేచి వచ్చాడు. అంతమంది మధ్యలోంచి, బిగుతు ప్యాంటూ టై తో, మేజోళ్ళతో నడిచొచ్చి, హార్మోనియం ముందు, అమ్మమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. పైపు ఊడబెరికి, ఆ కన్నంలో రుమాలు కుక్కాడు. రెండు పెడళ్ళ మీదా రెండు అరచేతులు పెట్టాడు.

అమ్మమ్మ చటుక్కున పాదాలు వెనక్కి లాక్కుంది. అల్లుడు అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చోవడం మా వాళ్ళలో ఎవరూ ఎరగరు. హాలులో ఉన్న అందరికీ అది తెలుసు. “లేవండి అల్లుడుగారూ” అంది ఆవిడ. నేరుగా ఆయనతోనే.  “తప్పు. నలుగురూ చూస్తున్నారు. లేవండి బాబూ.”

“మీరు వాయించండి అత్తయ్యగారూ” అన్నాడు నాన్న తల ఎత్తకుండా. “గాలి సంగతి నేను చూసుకుంటా.”

 ఆవిడ ఆగిన చోటి నుంచి కాకుండా పాట మొదటి నుంచి ఎత్తుకుంది. నాన్నకి పాటలు రావు, రాగం అసలే రాదు. కాని కింద కూర్చున్నవాడికి ఆవిడ పాదాలు కనపడుతున్నాయి. పెడల్ మీద లేకపోయినా ఆ పాదాలు ఊరుకోలేదు. పాట ఎక్కేచోట బొటనవేళ్ళు నేలని నొక్కుతున్నాయి, దిగేచోట వదులుతున్నాయి. నాన్న వాటినే చూస్తూ చేతులు ఆడించాడు, ఒకటి నొక్కుతుంటే ఒకటి లేస్తూ. హార్మోనియం అరవలేదు, ఆగలేదు. మూడో చరణానికి జనం అంతా లేచి నిలబడి పాడుతున్నారు. మధ్యలో ఎప్పుడో లైట్లు వెలిగాయి. బాల్కనీలో బ్లోయర్ తనంతట తనే మళ్ళీ తిరిగింది, పైపు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

ఆ మోటారు తర్వాత ఎన్నడూ వాడలేదు. మోకాలు ఇక పూర్తిగా బాగుపడలేదు, నాన్న ప్రతి ఆదివారం అదే చోట కూర్చున్నాడు. పాటలు ముందుగా చూసుకోవాలని పొద్దున్నే హాలుకి పోవాల్సి వచ్చేది, బజారుకి వెళ్ళేసరికి మధ్యాహ్నమయ్యేది, అప్పటికి పరిచిన పట్టాల మీద కాలిపోయిన మోటార్లు తప్ప ఏమీ మిగిలేవి కావు. సణిగేవాడు. కొన్నాళ్ళకి సణగడం కూడా మానేసి, ఆ రోజు అమ్మమ్మ ఏ పాట తప్పు వాయించిందో ఆవిడతోనే వాదించేవాడు. అన్నం పళ్ళేల ముందు వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే నన్ను పట్టించుకునేవాళ్ళే లేరు. కబుర్లు మోసే ఉద్యోగం పోయినందుకు నేను సంతోషించాలి గాని, నిజం చెప్పొద్దూ, కొంచెం ఉడుక్కున్నాను.

నేను కాలేజీలో చేరిన ఏడాది అమ్మమ్మ పోయింది. హార్మోనియం తిత్తులు ఆ వానాకాలమే మళ్ళీ చిరిగాయి, ఎవరూ అతకలేదు. రైలు పట్టాల పక్క రోడ్డు వెడల్పు చేశారు, పైన వంతెన వచ్చింది. బజారు ఎటు పోయిందో, చాచా ఎటు పోయాడో తెలియదు. ఆవచేల మీద అంతస్తులు లేచాయి. పాత మోటారు చవగ్గా దొరికే చోటు కోసం ఇప్పుడు జనం ఫోన్లలో వెతుకుతారు, వాసన చూసి కొనేవాళ్ళు లేరు. మా సంఘానికి సొంత భవనం, జనరేటరు, మైకులు, పెద్ద కీబోర్డు అన్నీ ఉన్నాయి. వాయించే కుర్రాడు మంచివాడు, బాగా వాయిస్తాడు.

పోయిన ఆదివారం అమ్మానాన్నలతో వెళ్ళాను. నాన్న ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటాడు, చెవులు సరిగ్గా వినపడవని. పాట మొదలైంది. పక్కన ఏదో కదులుతున్నట్టు అనిపించి చూస్తే, ఆయన రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి. ఒకటి నొక్కుతుంటే ఒకటి లేస్తోంది, ఎక్కేచోట గట్టిగా, దిగేచోట వదులుగా. కళ్ళు నేల మీద ఉన్నాయి.

అమ్మ వంగి ఆయన చెవిలో, “ఏంటండీ ఆ చేతులు, అందరూ చూస్తున్నారు” అంది.

నాన్న తన చేతుల వంక చూసుకుని, “నేనేం చేశాను?” అన్నాడు. నిజంగానే ఆయనకి తెలియదు. రెండో చరణానికి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అమ్మ ఆయన చేతులకి చోటిచ్చి కొంచెం పక్కకి జరిగింది.